రెండు వారాల నారోబోటు ప్రయాణం: మైళ్లు కాదు, లాకులు లెక్కపెట్టుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరిద్దరూ మాంచెస్టర్‌లో ఉంటున్నారు. జూన్‌లో మీ అమ్మగారు, నాన్నగారు వస్తున్నారు, ఇద్దరికీ అరవై అయిదు దాటింది. నలుగురూ కలిసి పద్నాలుగు రాత్రులకు నారోబోటు (ఇరుకు కాలువల్లో నడిచే సన్నని పొడవాటి పడవ) అద్దెకు తీసుకుని, ఫోర్ కౌంటీస్ రింగ్ అనే కాలువల చుట్టు దారి చుట్టి, దారిలో వేల్స్‌లోని లాంగోలెన్ ఊరు కూడా చూసి రావాలనుకుంటున్నారు. ఇదివరకు ఎవరూ పడవ నడపలేదు. రోజుకు ముప్పై మైళ్ల చొప్పున వేసుకుంటే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. రెండూ పెట్టుకోవద్దు, ఒకటే ఎంచుకోండి. మీ తేదీలకు కాలువ మొత్తం తెరిచి ఉంటే లాంగోలెన్ వెళ్లి, అదే దారిలో వెనక్కి రండి. రోజుకు నాలుగైదు గంటలకు మించి పడవ నడపవద్దు. రింగ్ సంగతి మీరిద్దరూ స్నేహితులతో వెళ్లేటప్పుడు చూసుకోవచ్చు. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వివరిస్తాను. ఈ కాలువల మీద చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను, మా తెలుగు స్నేహితుల కుటుంబాలకు ప్రయాణాలు వేసి ఇస్తుంటాను. దాదాపు అందరూ మొదట వేసుకునే లెక్క మీరు వేసినదే.

కారు మనకు మైళ్ల లెక్క అలవాటు చేసింది. ఇక్కడి ఇరుకు కాలువల్లో వేగ పరిమితి గంటకు నాలుగు మైళ్లు. ఆచరణలో మూడు మైళ్లకు మించదు. గట్టున కట్టి ఉన్న పడవల పక్క నుంచి వెళ్లేటప్పుడు ఇంజిన్‌ను దాదాపు ఊరికే తిరిగే స్థాయికి తగ్గించాలి, లేకపోతే మన అలకు వాళ్ల పడవ మేకులు ఊడి వస్తాయి, లోపల పొయ్యి మీది గిన్నె దొర్లిపోతుంది. ఒక్క లాకు (నీటి మట్టం మార్చి పడవను ఎత్తే, దించే తలుపుల గది) కూడా లేకపోయినా ముప్పై మైళ్లకు పది గంటలు పడుతుంది. లాకులు లేని ముప్పై మైళ్లు మీరు అడిగిన దారిలో ఎక్కడా లేవు.

కాలువల వాళ్లందరూ వాడే లెక్క ఇది. ఎన్ని మైళ్లో, ఎన్ని లాకులో కలపండి. వచ్చినదాన్ని మూడుతో భాగించండి. అన్ని గంటలు పడుతుంది. అంటే మైలుకు ఇరవై నిమిషాలు, లాకుకు ఇరవై నిమిషాలు. ఫోర్ కౌంటీస్ రింగ్ సుమారు 110 మైళ్లు, 94 లాకులు. కలిపితే 204, మూడుతో భాగిస్తే 68 గంటలు. నాంట్‌విచ్ దగ్గర హర్ల్‌స్టన్ నుంచి లాంగోలెన్ సుమారు 44 మైళ్లు, 21 లాకులు. పోవడానికి దాదాపు 22 గంటలు, రావడానికి మరో 22. రెండూ కలిపితే 112 గంటలు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న రోజులు చూడండి. పడవను సాధారణంగా మధ్యాహ్నం మూడు ప్రాంతంలో అప్పగిస్తారు. అన్నీ చూపించి, సంతకాలు అయ్యేసరికి నాలుగు దాటుతుంది. చివరి రోజు ఉదయం తొమ్మిదికల్లా తిరిగి ఇవ్వాలి. కాబట్టి నిండు రోజులు పదమూడే. 112ను పదమూడుతో భాగిస్తే రోజుకు ఎనిమిదిన్నర గంటలు. ఇందులో నీళ్లు పట్టుకోవడం లేదు, అంగడికి వెళ్లడం లేదు, లాకు దగ్గర వరుసలో నిలబడడం లేదు, వాన లేదు. కొత్తవాళ్లకు లాకుకు ఇరవై కాదు, మొదటి రెండు మూడు రోజులు ముప్పై నిమిషాలు వేసుకోవాలి. అలా వెళితే మీ నాన్నగారు లాంగోలెన్ దారిలోని పాంట్‌కసిల్తే జలవంతెన (కాలువను లోయ మీదుగా దాటించే వంతెన) మీద ఉన్నప్పుడు కూడా మీరు గడియారమే చూసుకుంటారు.

రింగ్ ఒక్కటే అయితే రోజుకు అయిదు గంటల పై చిలుకు. అది కుదిరేదే. కానీ ఆ గంటలు సమంగా పంచి ఉండవు. వీలాక్ నుంచి కిడ్స్‌గ్రోవ్ వరకు ఏడు మైళ్లలో 26 లాకులు ఎక్కాలి. పడవల వాళ్లు ఆ ఎగువ దారిని 'హార్ట్‌బ్రేక్ హిల్' అంటారు. ఆ పైన హేర్‌కాసిల్ సొరంగం, మైలున్నరకు పైగా పొడవు. ఒకసారికి ఒకవైపు నుంచే పడవలను పంపుతారు, సుమారు నలభై నిమిషాలు చీకట్లో చలిలో సాగాలి. టామస్ టెల్ఫర్డ్ కట్టించి 1827లో తెరిచిన సొరంగం అది. ఇనుప ఖనిజం కలిసి ఆ చోట నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. నాకు చాలా ఇష్టమైన చోటు. అయితే అక్కడికి చేరేలోపు ఇద్దరు మనుషులు రోజంతా గట్టు మీద నడుస్తూ, తలుపులు నెడుతూ, మర తిప్పుతూ ఉండాలి. మీ నలుగురిలో ఆ పని చేయగలిగేది మీరిద్దరే, అందులో ఒకరు చుక్కాని వదలడానికి లేదు. మిగిలేది ఒక్కరు.

మాకు తెలిసిన ఒక కుటుంబం పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఈ రింగ్‌ను ఒక వారంలో చుట్టాలని బయలుదేరింది. కోడలు గంటల తరబడి ఒంటరిగా తలుపులు నెట్టవలసి రావడం చూడలేక మామగారు దిగి సాయం పట్టారు. మూడో రోజుకు ఆయన మోకాలు వాచింది. ఆ తరువాత ఆయన గది దాటి రాలేదు. పడవ వేళకు తిరిగి చేరింది, కానీ ఆ వారం ఎవరికీ విశ్రాంతి కాలేదు. మన పెద్దవాళ్లు 'కూర్చోండి' అంటే కూర్చోరు. పిల్లలు కష్టపడుతుంటే చూస్తూ ఊరుకోరు. పెద్దవాళ్లు లేచి సాయం పట్టవలసిన అవసరమే రాని దారి ఎంచుకోవడం మీ బాధ్యత.

లాంగోలెన్ అలాంటి దారి. హర్ల్‌స్టన్‌లో మొదట నాలుగు లాకులు, తరువాత విడివిడిగా కొన్ని, విట్‌చర్చ్‌కు ముందు గ్రిండ్లీ బ్రూక్‌లో ఆరు. ఆ తరువాత చాలా మైళ్లు ఒక్క లాకు కూడా ఉండదు. చివరగా న్యూ మార్టన్‌లో రెండు. అంతే, పైన వేల్స్ వరకు సమతలం. ఎల్స్‌మియర్ దగ్గర చెరువుల మధ్య నుంచి, చెట్ల నీడలో సాగుతుంది.

ఒక్క విశేషం ముందే తెలుసుకోండి. ఈ కాలువలో ప్రవాహం ఉంటుంది. లాంగోలెన్ పైన హార్స్‌షూ ఫాల్స్ దగ్గర డీ నది నుంచి నీళ్లు తీసి, ఈ కాలువ గుండా హర్ల్‌స్టన్ జలాశయానికి పంపుతారు. అవి తాగునీళ్లు. సరకు రవాణా ఆగిపోయి, 1944లో చట్టప్రకారం మూసివేతకు గురైనా ఈ కాలువ పూడిపోకుండా మిగిలింది ఆ నీళ్ల వల్లే. కాబట్టి పోయేటప్పుడు ఎదురు ప్రవాహం. వంతెనల కింద కాలువ ఇరుకైన చోట పడవ బరువుగా కదులుతుంది. ఇంజిన్ పెంచితే లాభం లేదు, పడవ వెనుక భాగం అడుగుకు దిగి ఇంకా నెమ్మదిస్తుంది. పోవడానికి రావడం కన్నా ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి. నేను వేసి ఇచ్చే పట్టీ ఇలా ఉంటుంది: ఆరు రోజులు పోవడానికి, రెండు రోజులు లాంగోలెన్‌లో, అయిదు రోజులు రావడానికి.

చిర్క్ దగ్గర 1801లో తెరిచిన జలవంతెన, వెంటనే సొరంగం వస్తాయి. ఆ తరువాత పాంట్‌కసిల్తే. పది సంవత్సరాలు కట్టి 1805 నవంబరులో తెరిచారు. ఇనుప తొట్టెలో కాలువ, 307 మీటర్ల పొడవు, కింద డీ నది 38 మీటర్ల లోతున. 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక పక్క నడిచే బాట, దానికి కమ్మీలు ఉన్నాయి. రెండో పక్క ఏమీ లేదు. తొట్టె అంచు నీటికి జానెడు పైన ఆగిపోతుంది, పడవ పక్కనుంచి చూస్తే నేరుగా లోయే. అమ్మగారిని, నాన్నగారిని ముందు భాగంలో గుంటలా ఉండే చోట కూర్చోబెట్టండి. అక్కడి నుంచి అద్భుతంగా కనిపిస్తుంది, భద్రం కూడా. పడవ పక్క అంచు మీద ఎవరూ నడవకూడదు. ఎత్తు అంటే భయమున్నవాళ్లు లోపల కూర్చోవచ్చు. బాట మీద నడిచి రావడం కన్నా అదే వాళ్లకు తేలిక.

ఆ వంతెన దాటాక లాంగోలెన్ వరకు కొన్ని చోట్ల రాతిని తొలిచి కాలువ తీశారు. ఒక పడవే పడుతుంది. ఒకరు ముందుగా గట్టు మీద నడిచి వెళ్లి, ఎదురుగా ఎవరూ రావడం లేదని ఫోనులో చెప్పాలి. ఇది మీ నాన్నగారికి ఇవ్వదగిన పని, బరువు ఎత్తేది ఏమీ లేదు, పైగా ఎంతో ఉపయోగం. లాంగోలెన్‌లో పడవలు కట్టే చివరి రేవు దాటి ఇంజిన్ పడవలను పోనివ్వరు. అక్కడే తిప్పుకోవాలి. లాంగోలెన్ నుంచి హార్స్‌షూ ఫాల్స్ వైపు గుర్రం లాగే పడవ నడుస్తుంది, ఒక ఉదయం దానికి కేటాయించండి.

తిప్పుకోవడం అన్నాను కదా. ప్రయాణం వేసేటప్పుడు కొత్తవాళ్లు మరిచిపోయేది ఇదే. నారోబోటు వెడల్పు ఏడు అడుగుల లోపు, పొడవు డెబ్బై అడుగుల దాకా ఉంటుంది. కాలువ వెడల్పులో తిరగదు. తిప్పుకోవడానికి అక్కడక్కడ గట్టును లోపలికి కోసిన జాగాలు ఉంటాయి, మ్యాపులో గుర్తు వేసి, ఎంత పొడవు పడవ తిరుగుతుందో కూడా రాస్తారు. వాన వల్లో, ఒంట్లో బాగోలేకో మధ్యలో వెనుదిరగవలసి వస్తే ఎక్కడ తిరగాలో ప్రతి రోజు పట్టీలో రాసుకోండి. నా పట్టీలో రోజుకు నాలుగు గడులు ఉంటాయి: నీళ్ల కుళాయి ఎక్కడ, తిప్పుకునే చోటు ఎక్కడ, అంగడి ఎక్కడ, టాక్సీ రాగలిగే రోడ్డు వంతెన ఎక్కడ. నాలుగోది పెద్దవాళ్లు ఉన్నప్పుడు తప్పనిసరి. గంటలు వేయడానికి కెనాల్‌ప్లాన్ అనే ఉచిత వెబ్‌సైటు బాగా పనికొస్తుంది. కానీ కాగితం మ్యాపు ఒకటి చుక్కాని దగ్గర ఉండాలి, వాన చేతులతో ఫోను పనిచేయదు.

వంతెన నంబరు ఎప్పుడూ గుర్తుంచుకోండి. ప్రతి వంతెనకు పలక మీద నంబరు ఉంటుంది. మీకు సాయం కావలసి వస్తే 'ఎక్కడున్నారు' అన్న ప్రశ్నకు జవాబు అదే. పొలాల మధ్య వీధి పేర్లు ఉండవు. వంతెన దాటగానే నంబరు బిగ్గరగా చదవడం మీ అమ్మగారికి అప్పగించండి.

ఇక లాకులు. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకు సూత్రం కొత్తగా చెప్పనక్కరలేదు. కాటన్ గోదావరి కాలువలను సాగుతో పాటు పడవల కోసమూ తీయించాడు, తలుపులు మూసి నీటిని పెంచడం, దించడం అక్కడా ఇక్కడా ఒకటే. తేడా ఏమిటంటే ఇక్కడ చాలా లాకులకు మనిషి ఉండడు. విండ్‌లాస్ అనే ఇనుప పిడి మీ చేతికి ఇస్తారు, తూములు మీరే ఎత్తాలి, తలుపులు మీరే నెట్టాలి. గ్రిండ్లీ బ్రూక్‌లో మాత్రం మూడు లాకులు మెట్ల వరుసగా ఒకదానికొకటి అంటి ఉంటాయి. ఒకదాని పై తలుపే దాని పైదానికి కింది తలుపు. ఏ గదిలో నీళ్లుండాలో తెలియకుండా తూము ఎత్తకూడదు. ప్రయాణాల కాలంలో అక్కడ సిబ్బంది ఉంటారు. వాళ్లు చెప్పేదాకా ఆగండి, తొందర వద్దు.

ఒక ప్రమాదాన్ని మాత్రం వివరంగా చెప్పాలి. లాకులో కిందికి దిగేటప్పుడు, పై తలుపు అడుగున రాతి గట్టు ఒకటి లోపలికి పొడుచుకుని ఉంటుంది. సిల్ అంటారు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనిపించదు. గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది, మీ పడవ వెనుక కొస, చుక్కానితో సహా, ఆ గీతకు ముందే ఉండాలి. వెనక్కి జరిగితే నీళ్లు తగ్గేకొద్దీ వెనుక భాగం రాతి మీద ఆగిపోతుంది, ముందు భాగం కిందికి దిగుతూనే ఉంటుంది. పడవలు మునిగేది ఇలాగే, నిమిషాల వ్యవధిలో. తూము దగ్గర ఉన్న మనిషి పడవను చూస్తూ ఉండాలి, ఫోనును కాదు, దృశ్యాన్ని కాదు. పడవ తట్టుకున్నట్టు అనిపిస్తే కింది తూములు వెంటనే దించేయాలి, తరువాత పై తూములు కొద్దికొద్దిగా ఎత్తి నీళ్లు నింపాలి. తాడును గుంజకు ముడి వేయవద్దు, ఒక చుట్టు చుట్టి చేత్తో పట్టుకుని, పడవ దిగేకొద్దీ వదలాలి. లాకు నడిచేంతసేపూ అమ్మగారు, నాన్నగారు పడవలో ఉంటే కూర్చునే ఉండాలి, లేకపోతే ముందే గట్టున దిగి నిలబడాలి. గోడకు, పడవకు మధ్య చెయ్యి గానీ కాలు గానీ పెట్టకూడదు. తోసుకునే పని ఇంజిన్‌ది, మన ఎముకలది కాదు.

అప్పగించే రోజున మొదటి లాకు దాకా వాళ్ల మనిషిని తోడు రమ్మని అడగండి. మొహమాటపడవద్దు. లైఫ్‌జాకెట్లు నలుగురికీ అడిగి తీసుకోండి, వేసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతున్నదో లేదో మీటనొక్కి చూడండి. మన వంట గంటల తరబడి సాగుతుంది, చలికి కిటికీలు మూసేస్తాం. గాలి వచ్చే రంధ్రాలను బట్టతో ఎప్పుడూ కప్పవద్దు.

దుస్తుల గురించి మీ అమ్మగారికి మీరే చెప్పాలి. చీర కుచ్చిళ్లు చుక్కాని కర్రకు, తాడుకు చిక్కుకుంటాయి. పడవ మీద ఉన్నంతవరకు చుడీదారు, పాదానికి పట్టు ఉన్న బూట్లు. చెప్పులతో తడి ఇనుము మీద అడుగు వేయకూడదు. పడవ నుంచి గట్టుకు దూకకూడదు, పూర్తిగా ఆనిన తరువాత కమ్మీ పట్టుకుని అడుగు వేయాలి. జూన్ అయినా ఉదయాలు చల్లగా ఉంటాయి, ఉన్ని శాలువా అవసరం.

పప్పులు, బియ్యం, పచ్చళ్లు మాంచెస్టర్‌లోనే కొని తెచ్చుకోండి. పాలు, పెరుగు, కూరలకు నాంట్‌విచ్, విట్‌చర్చ్, ఎల్స్‌మియర్ చాలు. నీళ్ల తొట్టె రోజు విడిచి రోజు నింపండి, నలుగురు స్నానాలు చేస్తే అంతకన్నా ముందే అడుగంటుతుంది. తొట్టె నిండడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ సమయంలో వంట పెట్టుకోండి.

రాత్రికి పడవ కట్టడానికి బాట ఉన్న గట్టు వైపు చాలా చోట్ల రుసుము లేదు. లాకు ముందు ఆగే చోటు, కుళాయి దగ్గర, మలుపుల్లో, తిప్పుకునే జాగాల్లో కట్టకూడదు. చీకట్లో నడపనివ్వరు. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది గానీ సాయంత్రం నాలుగుకే ఆగండి. మంచి చోట్లు ఆ వేళకే నిండుతాయి, పైగా మీ నాన్నగారు వెలుతురు ఉండగా ఊరు చూసి రావచ్చు.

బుకింగు గురించి రెండు మాటలు. వీలైతే సోమవారం బయలుదేరండి. శనివారం అద్దె పడవలు గుంపుగా బయలుదేరుతాయి, అవన్నీ గ్రిండ్లీ బ్రూక్‌కు ఇంచుమించు ఒకే పూటకు చేరుతాయి. డబ్బు కట్టే ముందు ఈ కాలువల నిర్వహణ చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైటులో మీ దారి మొత్తం తెరిచి ఉందా చూడండి, బయలుదేరే ముందు రోజు మళ్లీ చూడండి. కాలువ ఎంత పాతదైతే గట్టుకు అంత ప్రమాదం. 2018 మార్చిలో మిడిల్‌విచ్ బ్రాంచి గట్టు తెగింది, దానితో ఫోర్ కౌంటీస్ రింగ్ నెలల పాటు తెగిపోయింది. 2025 జనవరి 1న మీ పక్కనే బ్రిడ్జ్‌వాటర్ కాలువకు గండి పడింది. అదే వేసవిలో నీళ్లు చాలక ఉత్తరాన చాలా కాలువలు మూశారు. దారి మూసుకుపోతే డబ్బు తిరిగి ఇస్తారా, వేరే రేవు నుంచి పడవ ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి.

లాంగోలెన్ దారి ఎక్కడైనా మూసి ఉంటే, రింగ్‌లోనే ఒక భాగం వెళ్లి వెనక్కి రండి. నాంట్‌విచ్ నుంచి దక్షిణంగా ఆడ్లెమ్‌లో 15 లాకులున్నాయి, వాటిని రెండు రోజులకు పంచండి. ఆడర్లీలో అయిదు దాటాక మార్కెట్ డ్రేటన్ వస్తుంది. అక్కడి టిర్లీ లాకులు ఎక్కితే చెట్లు కమ్మిన లోతైన రాతి కోత గుండా వెళతారు, వేసవిలో కూడా గోడలు తడిగా, నాచు పట్టి ఉంటాయి. అక్కడిదాకా వెళ్లి తిరిగినా రెండు వారాలు హాయిగా గడుస్తాయి.

ఈ దారిలో నది ఎక్కడా లేదు కాబట్టి వరద భయం లేదు. మరోసారి సెవర్న్, ఏవన్, థేమ్స్ వైపు ఆలోచిస్తే వేరే లెక్క కావాలి: లంగరు, నీటి మట్టం పలకలు, వాన పడ్డాక ఎన్ని రోజులు ఆగాలి అన్నవి. మొదటి ప్రయాణంలోనే అటు వెళ్లవద్దు.

మీ తేదీలు, పడవ పొడవు, ఎక్కే రేవు, నాన్నగారి మోకాళ్ల పరిస్థితి ఇక్కడ రాయండి. రోజువారీ పట్టీ వేసి పెడతాను.